స్పానిష్ వచ్చిన గిత్తలు

గుండ్లమడుగు పశుక్షేత్రంలోని ఒంగోలు గిత్తలకు స్పానిష్ రాదన్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చేసరికి చాలా ఆలస్యం జరిగిపోయింది. అప్పటికే ఆ గిత్తలు పుట్టి, పాలు తాగి, కొమ్ములు మొలిచి, మోపురాలు పెరిగి, రాష్ట్రానికి పేరు తెచ్చేంతటివి అయ్యాయి. ఇన్నేళ్ళుగా వాటికి తెలుగు తప్ప మరో భాష తెలియకుండా పెంచిన బాధ్యులెవరో తేల్చడానికి విచారణ వేయాలా వద్దా అని రాజధానిలో ఒక పూట చర్చ కూడా జరిగిందట.

సంగతి పుట్టింది ఇట్లా. సముద్రాల అవతల స్పానిష్ మాట్లాడే దేశం ఒకటి మన గిత్తల జాతిని తమ నేల మీద పెంచుకోవాలని ముచ్చటపడింది. చూసిపోవడానికి ఒక బృందాన్ని పంపుతామని కబురు చేసింది. దాని మీద పెద్దల సమావేశం పెట్టారు. టీలు వచ్చాయి, బిస్కెట్లు వచ్చాయి. అందరిలోకీ పెద్దాయన బిస్కెట్టును టీలో ముంచుతూ, “వాళ్ళొచ్చి వాళ్ళ భాషలో రమ్మంటే మన గిత్త వస్తుందంటారా?” అని నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. సమావేశం విశేషాలు రాసుకునే ఉద్యోగి మటుకు, నవ్వులు రాసుకునే ఆచారం లేదు గనక, ప్రశ్న ఒక్కటే రాసుకున్నాడు.

ఆ ప్రశ్న ఒక బల్ల దిగి ఇంకో బల్ల ఎక్కేసరికి సందేహమైంది. ఆ పై బల్ల మీద లోపమైంది. గుండ్లమడుగు చేరేసరికి ఆజ్ఞ అయి కూర్చుంది.

డిప్యూటీ డైరెక్టర్ మార్తాండరావు గారు సిబ్బందినందరినీ దాణా గిడ్డంగి ముందు నిలబెట్టి ఆ ఆజ్ఞను చదివి వినిపించారు. ఆయన మామూలుగా మాట్లాడితే ఎట్లా ఉంటుందో ఆ క్షేత్రంలో ఎవరికీ తెలియదు.

“ఇందుమూలంగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయడమేమనగా, సదరు విదేశీ బృందం రాకను పురస్కరించుకొని, ఈ క్షేత్రమందలి మానవ వనరులూ, పశు వనరులూ ఉభయులూ సంపూర్ణ భాషా సిద్ధత పొందవలసి యున్నది. ప్రప్రథమంగా క్రియాపదములు. ఏలయనగా, పశువుతో మనకు గల వ్యవహారం యావత్తూ క్రియలతోనే. రా, పో, తిను, తాగు, నిలబడు. నామవాచకములు వచ్చే ఆర్థిక సంవత్సరంలో పరిశీలించబడును.”

కొట్టాల్లో పేడ ఎత్తే ఆదెమ్మ చీపురు చంకన పెట్టుకొని అడిగింది. “పశు వనరులంటే ఎవురయ్యా?”

“గిత్తలు,” అన్నాడు పక్కన నిలబడ్డ ఒకడు.

“మానవ వనరులో?”

“మనమే.”

“అట్టనా. ఉలవలు మటుకు వాటికేనా ఉడకేసేది?”

నవ్వు ఆపుకోలేక కొందరు దగ్గారు. నవ్వనిది ఒక్క చెంచురామయ్యే. ఆయన ఆ క్షేత్రంలో లైవ్‌స్టాక్ అసిస్టెంటు. మందులు, సూదులు, గిత్తల బాగోగులు ఆయన చేతి మీదుగా నడుస్తాయి. నుదుట విభూతి చెరగని మనిషి. పొద్దున్నే స్నానం చేసి, టీ చుక్క నోట్లో పోసుకోకముందే కొట్టంలోకి వెళ్ళి, భృంగి కొమ్ముల నడుమ అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ఒక్క క్షణం నిలబడితే తప్ప ఆయనకు రోజు మొదలు కాదు. శివుడి గుడికి రోజూ పోవడానికి ఉద్యోగం ఒప్పుకోదు. వాహనమే ఇక్కడ ఉంది గదా అని ఆయన సమాధానం.

భృంగి అంటే ఆ క్షేత్రంలోకల్లా ఎత్తయిన గిత్త. దాని తల్లి ఈనుతూనే చనిపోతే, చెంచురామయ్యా ఆయన భార్య సుబ్బరత్నమూ సీసాతో పాలు పట్టి, చలికి గోనెపట్టా కప్పి, దాన్ని బతికించారు. అందుకని దానికి ఈ లోకంలో ఒక్కటే పని ముఖ్యం. చెంచురామయ్య “దా నాయనా, దా” అంటే బయలు చివరన మేస్తున్నా సరే, నోట్లో గడ్డి నోట్లో ఉండగానే గంగడోలు ఊపుకుంటూ వచ్చి ఆయన భుజం మీద మూతి ఆనిస్తుంది. అంతే. వచ్చాక మళ్ళీ ఏమీ అడగదు.

పాఠాలు చెప్పడానికి సుకుమార్ అనే మాస్టర్ ట్రైనర్ వచ్చాడు. స్పానిష్‌లో ఆయన కొద్ది రోజులు శిక్షణ పొందాడు. ఆయనకు శిక్షణ ఇచ్చినాయన అంతకు ముందు వారమే శిక్షణ పొందాడు. ఆయనకెవరు ఇచ్చారన్నది ఎవరూ అడగలేదు. అయినా మంచి కంఠం. ఒక్కో క్రియనూ ముందు తాను పలికి, సిబ్బంది చేత రెండేసి మార్లు పలికించేవాడు.

“వెంగో, వియెనెస్, వియెనె, వెనీమోస్, వెనీస్, వియెనెన్!”

“వెంగో, వియెనెస్, వియెనె...”

“నేను వస్తాను, నువ్వు వస్తావు, అతను వస్తాడు, మేము వస్తాము, మీరంతా వస్తారు, వాళ్ళు వస్తారు. చూశారా, ఒక్క రావడానికి ఎన్ని రూపాలో! కోమో, కోమెస్, కోమె... ఇది తినడం. దీనికీ అన్నే.”

సిబ్బంది తినడం వల్లెవేస్తుండగా అవతల కొట్టాల్లో గిత్తలు తినడానికి లేక గాడి నాకుతున్నాయి. చొప్ప కోసేవాళ్ళు క్లాసులో ఉన్నారు. నీళ్ళ మోటారు వేసేవాడు తాగడం అనే క్రియ దగ్గర తడబడుతున్నాడని, వచ్చేదాకా కదలనివ్వలేదు.

చెంచురామయ్యకు కంఠస్థం చేయడం కొత్త కాదు. చిన్నప్పుడు నమకం చమకం అట్లానే నేర్చుకున్నాడు. అన్నిటికీ అర్థం తెలుసా అంటే ఇప్పటికీ తెలియదు. కాని అది విన్న దేవుడికి తెలుసునన్న ధైర్యం ఉంది. ఇది వినబోయే గిత్తకు ఏం తెలుస్తుందో అన్నదే ఆయన అనుమానం. లేచి వినయంగా అడిగాడు.

“సార్, గిత్తతో మనకు పని ‘రా’ అన్న ఒక్క మాటే గదా. తక్కినవన్నీ దాని ముందర ఎందుకు?”

“సిలబస్‌లో ఉన్నాయి చెంచురామయ్య గారూ.”

“ఉన్నాయి, కాదనను. ‘వాళ్ళు వస్తారు’ అని గిత్తతో అన్నామనుకోండి. అప్పుడదేం చెయ్యాలి?”

సుకుమార్ పుస్తకం ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. “మంచి పాయింటు. పై నుంచి స్పష్టత కోరతాను,” అన్నాడు.

అడక్కపోయినా బాగుండేదని చెంచురామయ్య తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. స్పష్టత వచ్చింది. “గిత్త సదరు క్రియ యొక్క సమస్త రూపములనూ ఆచరణలో చూపవలెను” అని.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. స్పానిష్‌లో కూడా మనకు లాగానే నువ్వు అనడం వేరు, మీరు అనడం వేరు అని సుకుమార్ చెప్పాడు. మార్తాండరావు గారు కుర్చీలో ముందుకు జరిగారు.

“అయితే గిత్తను ఏకవచనంతో సంబోధించవలెనా, గౌరవ వచనంతోనా? ఇది విధానపరమైన అంశం.”

ఒక కమిటీ వేశారు. కమిటీ పూటల తరబడి కూర్చుంది. జాతి గిత్తకు తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు రికార్డులో ఉన్నాయి. సిబ్బందిలో కొందరికి అన్ని లేవు. రాజధాని నుంచి మంత్రులు వస్తే దండ వేసేది గిత్తకే గాని డిప్యూటీ డైరెక్టరుకు కాదు. ఇవన్నీ బేరీజు వేసి, జాతి గిత్తలను మీరు అనాలనీ, బండి ఎద్దులను నువ్వు అనవచ్చుననీ తీర్మానించారు. కాబట్టి ఇకమీదట గిత్తను పిలిచేటప్పుడు ‘వెంగ’ అనాలి. అంటే ‘దయచేయండి’ అని.

ఆదెమ్మ ఆ తీర్మానం విని పేడతట్ట దించింది. “ఇన్నేండ్లు చేస్తుండా. నన్ను ఒసే, ఏమే తప్ప ఎవురూ అన్ల. దీన్ని దయచేయండి అనాలంటనా? పేడేసేది అదీ, ఎత్తేది నేనూ!”

“నీకు తల్లిదండ్రుల రికార్డు ఉందా?” అన్నాడు సుకుమార్, నిజంగానే తెలుసుకోవాలని.

“నీకుందా?” అని ఆదెమ్మ తట్ట ఎత్తుకుంది.

ఆ తర్వాత కొట్టాల ముందు బోర్డు పాతారు. గిత్తల చెవిన తెలుగు పడకూడదు. పడితే మెమో. దాంతో కొట్టాలు మూగపోయాయి. గిట్ట చూడాలంటే కాలెత్తమనాలి, ఎత్తమనడానికి క్రియ ఇంకా రాలేదు. గిట్టలు చూడటం మానేశారు. బోర్డుతో పాటు ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. పరీక్షలో తప్పిన పశువును ‘భాషా సిద్ధత లేని వ్యర్థ పశువు’గా పరిగణించి వేలం వేయాలని. వ్యర్థ పశువుల వేలానికి ఎవరొస్తారో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. కబేళా లారీ ఎక్కించుకు పోయేవాళ్ళే వస్తారు.

ఆ పూట చెంచురామయ్య కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి అట్లాగే ఉండిపోయాడు.

“ఏందట్టా కూర్చున్నారు? ఉప్పు చాల్లేదా?” అంది సుబ్బరత్నం.

“భృంగికి పరీక్షంట.”

“దేంట్లో?”

“స్పానిష్‌లో.”

సుబ్బరత్నం నవ్వబోయి ఆయన మొహం చూసి మానేసింది. “తప్పితే?”

“లారీ.”

ఆమె చేతిలో గరిటె కింద పెట్టింది. “మనం సీసాతో పాలుబట్టిన పిల్ల గదండీ అది. అంతమంది చదువుకున్నోళ్ళున్నారు, ఒక్కరన్నా చెప్పరా, గొడ్డుకి పరీక్షేందని?”

“చదువుకున్నోళ్ళు గనకనే చెప్పరు. పరీక్ష అంటే వాళ్ళకి భక్తి,” అన్నాడు ఆయన.

పరీక్ష రోజు బయలు మధ్యలో బల్ల వేసి, బల్ల మీద గుడ్డ పరిచి, గుడ్డ మీద గంట పెట్టారు. మార్తాండరావు గారు కోటు తొడుక్కొచ్చారు. మొదటి రూపం, ‘నేను వస్తాను’. సుకుమార్ “వెంగో!” అని పలికాడు. నేను అంటే పరీక్షాధికారే కాబట్టి మార్తాండరావు గారు తామే లేచి గంభీరంగా నడిచి వచ్చారు. గిత్త చూస్తూ ఊరుకుంది. ఆ రూపంలో ఆయన పాసయ్యారు.

తర్వాత ‘దయచేయండి’ అన్నారు. ఏ గిత్తా దయచేయలేదు. ఒకటి నెమరు ఆపి విని, మళ్ళీ నెమరు వేసుకుంది. ‘మేము వస్తాము’ అనే రూపానికి అధికారీ గిత్తా పక్కపక్కన నడవాలి. మార్తాండరావు గారు ఒక గిత్త పక్కన నిలబడి నడక మొదలుపెడితే, అది ఆయన కోటు జేబు వాసన చూసి, పల్లీలు లేవని తేల్చుకుని నిలబడిపోయింది.

చివరికి మిగిలింది ‘వాళ్ళు వస్తారు’.

“అన్ని గిత్తలనూ ఏకకాలంలో వదలండి,” అన్నారు మార్తాండరావు గారు.

చెంచురామయ్య చేతులు జోడించాడు. “సార్, ఇవి ఆంబోతులు. ఒక్కచోట వదిల్తే ఒకదాన్నొకటి పొడుచుకుంటయి. ఇన్నేళ్ళుగా విడివిడిగా కడుతున్నది అందుకే గదా.”

“బహువచనాన్ని ఒక్క గిత్తతో ఎట్లా పరీక్షిస్తామయ్యా? మరి స్పష్టత కోరినవాడివి నువ్వే గదా?”

పలుపులు విప్పారు. సుకుమార్ “వియెనెన్!” అని ఎలుగెత్తి పలికాడు. వాళ్ళు వచ్చారు. ఆ రూపం ఒక్కటీ పూర్తిగా ఆచరణలోకి వచ్చింది. బల్ల పోయింది, గుడ్డ ఒక గిత్త కొమ్ముకు జెండాలాగా వేలాడింది, గంట ఎక్కడో గిట్టల కింద ఒకసారి మోగింది. సుకుమార్ ఎడ్లబండి కిందికి దూరాడు. మార్తాండరావు గారు ఆ వయసులో, ఆ కోటుతో, నిచ్చెన లేకుండా గడ్డివామి ఎక్కారు. కింద భృంగి నిలబడి, ఆకలిగా ఉన్నదేమో, వామిలోంచి గడ్డి పీక్కుతినడం మొదలుపెట్టింది. అది ఒక్కో పోచ లాగిన కొద్దీ వామి ఒక పక్కకు ఒరుగుతోంది.

“ఓరి నాయనో! చెంచురామయ్యా, పిలువయ్యా దీన్ని!”

“ఏ భాషలో పిలవమంటారు సార్?” అన్నాడు చెంచురామయ్య. వెటకారానికి కాదు. మెమో అంటే ఆయనకు నిజంగానే భయం.

“నీ ఇష్టమొచ్చిన భాషలో పిలువయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది!”

“దా నాయనా, దా.”

భృంగి గడ్డి వదిలేసింది. గొడవపడుతున్న గిత్తల మధ్యనుంచి నిదానంగా నడిచి వచ్చి ఆయన భుజం మీద మూతి ఆనించింది. తక్కినవాటిని నీళ్ళు కొట్టి, తాళ్ళు వేసి, ఎట్లాగో విడదీశారు.

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. గిత్తలన్నీ తప్పాయి. భృంగి పేరు ఎదుట మాత్రం ప్రత్యేకంగా, ‘నిషిద్ధ భాషకు తక్షణ స్పందన’ అని ఉంది.

“ఆ స్పందన వల్లనే గద సార్ తమరు వామి దిగింది?” అన్నాడు చెంచురామయ్య.

మార్తాండరావు గారు జుట్టులోంచి గడ్డిపోచ తీసి పక్కన పెట్టారు. “వ్యక్తిగతంగా నేను నీకు కృతజ్ఞుణ్ణి చెంచురామయ్యా. అధికారికంగా విచారం వ్యక్తం చేస్తున్నాను.”

అన్ని గిత్తలూ తప్పితే గిత్తలకేమవుతుందో అన్న దిగులు ఆయనకు లేదు. ఉత్తీర్ణత శాతం ఏమవుతుందో అన్న దిగులు ఉంది. సున్నా శాతంతో రాజధానికి మొహం ఎట్లా చూపిస్తారు? ఆ గండం గట్టెక్కించింది సుకుమారే. బండి కింద పడుకున్నప్పుడు తట్టిందట ఆయనకు.

“సార్, క్రియకు వ్యతిరేక రూపం కూడా ఉంటుంది. ‘నో వెంగ’. రాకండి అని. మనం ఆ పాఠంతో మొదలుపెట్టి ఉండాల్సింది. ‘రాకండి’ అంటాం. గిత్త రాదు. పాసు.”

మార్తాండరావు గారు లేచి ఆయన భుజం తట్టారు. సిలబస్ మారింది. గిత్త నిలబడ్డచోట నిలబడి ఉంటే చాలు. అట్లా నిలబడటంలో ఒంగోలు గిత్తను మించిన విద్యార్థి లేదు. అయినా శాతం మీద ఎవరికీ నమ్మకం చాలక, రోజూ పొద్దున సాధన పెట్టారు. ఒకరు ‘నో వెంగ’ అనడం, మెడ చాచిన గిత్త మూతి మీద ఇంకొకరు కర్రతో కొట్టడం. కొద్ది రోజులకు గిత్తలు మనిషి అలికిడైతే చాలు, వెనక్కి ఒదిగి నిలబడుతున్నాయి. “అవగాహన పెరుగుతోంది,” అని మార్తాండరావు గారు రాసుకున్నారు.

మళ్ళీ పరీక్ష పెడితే అన్నీ పాసయ్యాయి, ఒక్క భృంగి తప్ప. ఈసారి మాట ఎవరు పెంచిన గిత్తతో వాళ్ళే పలకాలని కొత్త నిబంధన. చెంచురామయ్య ముందుకు వచ్చి “నో వెంగ” అన్నాడు. ఏ మాటైతేనేం, గొంతు ఆయనది. భృంగి వచ్చేసింది. వచ్చి ఆయన నుదుటి విభూతి నాకింది.

“సార్, ఇంకెవరన్నా పలకకూడదా?”

“నిబంధన నిబంధనే. శాతం వందకు ఒక్క గిత్త తక్కువగా ఆగిపోయింది చెంచురామయ్యా. అది గిత్త సమస్య కాదు, క్షేత్రం పరువు. సోమవారం ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను. అదే రోజు వేలానికి కూడా కబురు పెట్టాను. తప్పితే మళ్ళీ వాళ్ళను పిలిపించడం వృథా ప్రయాస గదా.”

ఆదివారం పొద్దున చెంచురామయ్య వేపకొమ్మ ఒకటి విరిచి, ఆదెమ్మ దగ్గరికి వెళ్ళాడు. “ఆదెమ్మా, నేను పిలుస్తా. అది వస్తే నువ్వు మూతి మీద ఒక్కటెయ్యి. నా చేత కాదు.”

“నా చేతా కాదు సామీ. నువ్వు పిల్చి, నేను కొడితే అది నా మీద కోపం బెట్టుకుంటది గాని, నీ కాడికి రావడం మానదు. మానాలంటే నువ్వే కొట్టాల.” అని, తట్ట ఎత్తుకుంటూ, “పాపం గూడా ఎవురిది వాళ్ళదే ఉండనీ,” అంది.

ఆయన భృంగిని బయలులోకి విడిచి, దూరంగా పోయి నిలబడ్డాడు. “నో వెంగ,” అన్నాడు. అది వచ్చింది. కళ్ళు మూసుకుని కొట్టాడు. భృంగి తల విదిలించి, ఈగ వాలిందనుకున్నదేమో, మళ్ళీ మూతి చాచింది. మళ్ళీ కొట్టాడు. అది వెనక్కి రెండడుగులు వేసి, ఆయన వంకా కొమ్మ వంకా చూసింది. మళ్ళీ పిలిచాడు. ఈసారి కొంచెం తటపటాయించి వచ్చింది. కొమ్మ దెబ్బకు మూతి మీద చర్మం చీరుకుని నెత్తురు చిమ్మింది.

మధ్యాహ్నానికి అది రావడం మానేసింది.

ఇంటికి వచ్చి బావి దగ్గర నెత్తిన నీళ్ళు గుమ్మరించుకుని, తడిబట్టతోనే దేవుడి గూటి ముందు కూర్చున్నాడు. విభూతి తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “స్వామీ, నీ వాహనాన్ని బతికించమని నిన్నడుగుదామనుకున్నా. నేనే బతికిస్తున్నా, చూశావుగా ఎట్లాగో. ఇందులో నువ్వున్నావా, లేవా? ఉంటే ఏ వైపున ఉన్నావు?” అన్నాడు. దేవుడు పైనుంచి స్పష్టత ఏమీ పంపలేదు.

సోమవారం పరీక్ష జరిగింది. గేటు బయట లారీ వచ్చి ఆగి ఉంది. చెంచురామయ్య “నో వెంగ” అన్నాడు. భృంగి చెవులు నిక్కబొడుచుకుని, కదలకుండా నిలబడింది. మార్తాండరావు గారు చప్పట్లు కొట్టారు. లారీ ఖాళీగా తిరిగిపోయింది. లడ్డూలు పంచారు.

“ఈనాడు మన గిత్తలు నిలబడ్డాయి. గిత్తలతో పాటు జాతి గౌరవం నిలబడింది. నూటికి నూరు శాతం!” అన్నారు మార్తాండరావు గారు. కొందరు ఉద్యోగుల కళ్ళు చెమర్చాయి. చెంచురామయ్య కళ్ళు కూడా చెమర్చడం చూసి ఆయన చాలా సంతోషించారు.

విదేశీ బృందం వచ్చింది. నలుగురూ మర్యాదగల మనుషులు. వాళ్ళలో అంచుల టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు పుట్టినప్పటినుంచీ పశువులతోనే బతికినవాడట. వెంట ఒక దుబాసీ అమ్మాయి ఉంది. వాళ్ళు కారు దిగీ దిగకముందే సిబ్బంది అంతా వరసగా నిలబడి, సుకుమార్ చెయ్యి ఊపగానే, “వెంగో, వియెనెస్, వియెనె, వెనీమోస్, వెనీస్, వియెనెన్” అని ముక్తకంఠంతో పలికారు. తర్వాత తినడం, తాగడం, నిలబడటం కూడా పలికారు. బృందం వాళ్ళు ఇది మన ప్రార్థన అనుకుని, టోపీలు తీసి, తలలు వంచి, అయిపోయేదాకా నిలబడ్డారు.

ఆ తర్వాత గిత్తల దగ్గరికి తీసుకుపోయారు. గిత్తలు వరసగా, దూరందూరంగా, పొడుగు పలుపుల మీద, కడిగిన విగ్రహాల్లా ఉన్నాయి. ముసలాయన కంచె దాటి, ఇంత పచ్చిగడ్డి పీకి చేతిలో పట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో మెల్లగా అన్నాడు. పసిపిల్లను పిలిచినట్టు ఉంది ఆ గొంతు. ఏ గిత్తా రాలేదు. నాలుకతో టకటకమని చప్పుడు చేశాడు. రాలేదు. తనే దగ్గరికి వెళ్ళి చెయ్యి ఎత్తాడు, మోపురం నిమురుదామని. గిత్త దడుచుకుని పక్కకు తప్పుకుంది. ఇంకోటీ అంతే. భృంగి దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డాడు. దాని మూతి మీద ఎండీ ఎండని చారను చూశాడు. ఆ తర్వాత వరసలో ఉన్న మనుషుల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. చెంచురామయ్య తల దించుకున్నాడు.

ముసలాయన గడ్డి కింద పెట్టి దుబాసీ అమ్మాయితో రెండు ముక్కలు చెప్పాడు. ఆమె ఇబ్బందిగా తెలుగు చేసింది.

“మంచి గిత్త మనిషి దగ్గరికి వస్తుంది, ఇవి మనిషిని చూసి బెదురుతున్నాయి, ఎందుకో మాకు తెలియదు, వీటిని మేము తీసుకోలేము అంటున్నారు.”

కార్లు వెళ్ళిపోయాక మార్తాండరావు గారు సుకుమార్‌ను పక్కకు పిలిచారు.

“ఆయన గిత్తను పిలవడానికి వాడిన క్రియ ఏది?”

“మన సిలబస్‌లో లేదు సార్.”

“అదీ సంగతి! సిలబస్‌లో లేనిది అడిగితే గిత్త ఏం చేస్తుంది పాపం?”

నివేదిక వెళ్ళింది. బృందం పర్యటన దిగ్విజయంగా ముగిసిందనీ, భాషాపరమైన సమస్య ఎక్కడా తలెత్తలేదనీ, గిత్తలు ఆసాంతం క్రమశిక్షణ పాటించాయనీ, అతిథుల భాషాజ్ఞానంలో మాత్రం కొంత అస్తవ్యస్తత గమనించబడిందనీ. రాజధాని సంతోషించింది. మార్తాండరావు గారికి శాలువా, సుకుమార్‌కు ఇంకో మూడు పశుక్షేత్రాలూ వచ్చాయి. దూడలకు భూతకాలం నేర్పే ప్రతిపాదన బల్లలు ఎక్కుతోంది. గుండ్లమడుగులో పని అయిపోయింది గనక కొట్టాల ముందు బోర్డు పీకేశారు. ఇక ఎవరు ఏ భాషలోనైనా పిలుచుకోవచ్చు.

బోర్డు పీకిన రోజు చెంచురామయ్య సుబ్బరత్నం చేత ఉలవలు ఉడికించి, బెల్లం కలిపి, బొచ్చెలో పోసుకుని బయల్లోకి వెళ్ళాడు. భృంగి కంచె పక్కన మేస్తోంది.

“దా నాయనా, దా.”

భృంగి తలెత్తింది. చెవులు నిక్కించింది. కదల్లేదు. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. అది ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ పిలిచాడు. బొచ్చె ముందుకు చాచి, రెండో చెయ్యి ఖాళీగా ఉందని విప్పి చూపించి పిలిచాడు. అది వెనక కాళ్ళు కంచెకు ఆనేదాకా వెనక్కి పోయి, మూతి దించి, దెబ్బకు సిద్ధమైనదానిలాగా కళ్ళు మూసుకుంది.

పేడతట్టతో పోతున్న ఆదెమ్మ ఆగి చూసింది.

“ఎందుకు సామీ ఊరికే గొంతు నొప్పి చేసుకుంటావు?” అంది. “అది పాసయింది గదా. ఇంకెందుకొస్తది?”